ధర్మసాగర్ కట్ట నుంచి డెల్ఫ్ట్ కాలువ గట్టు దాకా

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు ఫోన్ చేసి, "నీ విదేశీ ముచ్చట్లు రాయరాదురా" అన్నారు. 2013 నుంచి 2017 దాకా నాలుగేండ్లు భార్యాపిల్లలతో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ అనే విశ్వవిద్యాలయ పట్నంలో ఉన్నాను. ముచ్చట్లకేం, చాలానే ఉన్నాయి. కానీ ఆ నాలుగేండ్లలో నాకు తెలిసిన పెద్ద సంగతి వేరే. ఆ ఊరికీ మన తెలుగు నేలకూ నాలుగు వందల ఏండ్ల లెక్క ఉంది. అందులో లాభం ఉంది, నష్టం ఉంది, ఇంకా తీరని బాకీ కూడా ఉంది. బడిలో చదువుకున్నప్పుడు "డచ్చివారు వర్తకానికి వచ్చిరి" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకున్నాం. ఆ వాక్యం వెనుక ఉన్నదేమిటో ఇక్కడ రాస్తున్నాను.

మెమోలో పుట్టిన తేదీ

ముందు ఒక చిన్న సంగతి. కుటుంబంతో ఆ దేశం పోవాలంటే వీసా ఒక్కటే చాలదు. దిగిన తర్వాత ఆ ఊరి మున్సిపాలిటీలో పేర్లు రాయించుకోవాలి. అప్పుడే ఒక పౌరసేవా నంబరు ఇస్తారు. అది లేకపోతే బ్యాంకు ఖాతా లేదు, జీతం లేదు, ఆరోగ్య బీమా లేదు. ఆ నమోదుకు జనన ధ్రువపత్రం, పెళ్ళి ధ్రువపత్రం కావాలి. వాటి మీద మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర ఉండాలి. మన దేశం ఆ ఒప్పందంలో 2005లో చేరింది కాబట్టి మాకు ఆ మాత్రం సులువైంది.

చిక్కెక్కడ వచ్చిందంటే, నాకు జనన ధ్రువపత్రమే లేదు. మన తరంలో ఇంట్లో, మంత్రసాని చేతుల మీద పుట్టినవాళ్ళం ఎంతమందిమో మీకు తెలుసు. మా అమ్మను అడిగితే "నువ్వు నాట్లప్పుడు పుట్టినవు, చెరువు అప్పుడే మత్తడి పోసింది" అన్నది. ఆ తేదీని ఏ దఫ్తరులో రాసుకుంటారు? చివరికి నన్ను కాపాడింది 1985లో మన బడి ఇచ్చిన పదో తరగతి మెమో. అందులోని తేదీ ఆధారంగా ఆలస్యపు నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకున్నాను. ఆ తేదీ కూడా ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు సారు లెక్క సరిపోయేలా రాసిన జూన్ నెల తేదీయే. మన బ్యాచిలో సగం మంది జూన్‌లోనే పుట్టారు గదా!

డెల్ఫ్ట్ మున్సిపాలిటీ రికార్డులో నేను ఈనాటికీ ఆ తేదీనే పుట్టాను. నవ్వులాటగా చెప్పినా, ఒక కాగితం మనిషిని ఎక్కడి దాకా తీసుకుపోతుందో, అది లేకపోతే ఎక్కడ ఆపుతుందో అప్పుడే తెలిసింది. ఇక ముందు చెప్పేదంతా ఒక విధంగా కాగితాల కథే.

డెల్ఫ్ట్ అనే పేరు గల ఓడ

1602లో డచ్చివాళ్ళు తమ ఈస్టిండియా కంపెనీని పెట్టారు. దానికి ఆరు నగరాల్లో ఆరు శాఖలు: ఆమ్‌స్టర్‌డామ్, మిడిల్‌బర్గ్, రోటర్‌డామ్, హోర్న్, ఎంక్హౌజెన్, డెల్ఫ్ట్. ఒక్కో శాఖ సొంతంగా పెట్టుబడి పెట్టి, సొంతంగా ఓడలు కట్టించి పంపేది. డెల్ఫ్ట్‌లో ఔడే డెల్ఫ్ట్ అనే పాత కాలువ గట్టున ఆ కంపెనీ భవనం ఇప్పటికీ ఉంది. నేను రోజూ సైకిల్ మీద ఆ ముందు నుంచే పోయేవాణ్ణి. అదేమిటో ఆరు నెలల దాకా నాకు తెలియదు.

1605లో డెల్ఫ్ట్ అనే పేరు గల ఓడే మచిలీపట్నం రేవుకు వచ్చింది. పాలస్ వాన్ సోల్ట్ అనే అతను దాని నాయకుడు. మరుసటి ఏడు 1606లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా నుంచి వర్తకానికి ఫర్మానా దొరికింది. 1591లో హైదరాబాదు కట్టించిన సుల్తాను ఆయనే. మచిలీపట్నంలోనూ, దక్షిణాన నిజాంపట్నంలోనూ డచ్చి కొట్లు వెలిశాయి. తర్వాత పులికాట్‌లో కోట, గోదావరి జిల్లాల్లో పాలకొల్లు, ద్రాక్షారామం, ఉత్తరాన భీమునిపట్నం. మన జనం వాళ్ళను వలందావాళ్ళు అన్నారు. హాలెండుకు పోర్చుగీసువాళ్ళు పలికే పేరు మన నోట అట్లా మారింది. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది.

వాళ్ళకు ఇక్కడ కావలసింది బట్ట. వాళ్ళ అసలు గురి ఇండోనేషియా దీవుల్లోని లవంగాలు, జాజికాయ, జాపత్రి. ఆ దీవులవాళ్ళకు యూరపు సరుకు అక్కరలేదు, మన నేత బట్టలు కావాలి. అందుకని వెండీ బంగారమూ తెచ్చి మన తీరంలో బట్ట కొని, ఆ బట్ట ఇచ్చి సుగంధ ద్రవ్యాలు కొని యూరపుకు తీసుకుపోయేవాళ్ళు. అంటే ఆ దేశపు సంపదకు మన సాలెల మగ్గం ఒక ఇరుసు. చిరివేరుతో వేసిన ఎరుపు, నీలిమందుతో అద్దిన నీలం ఎన్ని ఉతుకులకూ పోకపోవడం యూరపువాళ్ళకు వింత. కలంతో పువ్వులూ లతలూ గీసిన మన తీరపు బట్టను అక్కడ సిట్స్ అంటారు. నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీజ్‌లాండ్ ప్రాంతంలో హిండెలోపెన్ అనే ఊరి ఆడవాళ్ళ సంప్రదాయపు దుస్తుల్లో అది భాగమైపోయింది. లేవార్డెన్ పట్నం మ్యూజియంలో ఆ బట్టలు కుప్పలుగా ఉన్నాయి. మా ఆవిడ అద్దాల పెట్టెలోని ఒక రవికె ముందు చాలాసేపు నిలబడి, "ఇది మనదే గదా, కింద ఆళ్ళ ఊరి పేరు రాసిండ్రు" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

హన్మకొండ మాదన్న, నాగులవంచ కోఠీ

ఇదంతా కోస్తా కథ, మనకేం సంబంధం అనుకోవద్దు. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు దారిలో ఖమ్మం దాటినంక నాగులవంచ అనే చిన్న స్టేషన్ వస్తుంది. 1670 ప్రాంతం నుంచి 1687 దాకా అక్కడ డచ్చివాళ్ళ కోఠీ ఉండేది. సముద్రానికి అంత దూరాన, తెలంగాణ పల్లెలో, నీలిమందు కోసం, బట్ట కోసం పెట్టుకున్న కోఠీ అది. ఎన్నిసార్లు ఆ స్టేషన్ మీదుగా పోయుంటాం, ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు.

అదే కాలంలో గోల్కొండలో అబుల్ హసన్ తానీషా రాజ్యం. పరిపాలనంతా మాదన్న, అక్కన్న అనే అన్నదమ్ముల చేతిలో. ఆ కుటుంబం మన హన్మకొండది. డచ్చి కంపెనీ మనుషులు సుంకాల కోసం, బాకీల కోసం మాదన్న ముందు చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చేది. ఆ మాటలన్నీ కూడా వాళ్ళు రాసి పెట్టారు. మాదన్న ఎట్లా పరిపాలించాడో, వర్తకులతో ఎట్లా బేరమాడాడో చరిత్రకారులకు తెలిసింది చాలావరకు ఆ డచ్చి కాగితాల వల్లనే. హన్మకొండ మనిషి గురించి తెలుసుకోవడానికి హేగ్ నగరానికి పోవలసి రావడం ఎంత చిత్రం!

1686లో ఆ అన్నదమ్ములిద్దరినీ హైదరాబాదులో చంపేశారు. ఆ ఏడే బాకీల పేరు చెప్పి డచ్చివాళ్ళు మచిలీపట్నాన్ని కొంతకాలం ఆక్రమించుకున్నారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. అట్లా నాగులవంచ కోఠీ కూడా ముగిసింది. డేనియల్ హవార్ట్ అనే డచ్చి వైద్యుడు ఆ కాలంలో ఇక్కడే కంపెనీ కొలువులో ఉండి, తిరిగి పోయి, 1693లో కోరమండల్ ఎదుగుదల, పతనం మీద పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. మన ఊళ్ళు, మన సుల్తానులు, మచిలీపట్నంలోని తమవాళ్ళ సమాధుల మీద రాతలు అన్నీ అందులో ఉన్నాయి.

ఎవరు పోయారు, ఎవరిని తీసుకుపోయారు

కుటుంబంతో పరదేశం పోవడం అనే మాట దగ్గర నేను ఆగిపోయేది ఇక్కడే.

డెల్ఫ్ట్ నుంచి, రోటర్‌డామ్ నుంచి వచ్చిన మగవాళ్ళు ఎక్కువమంది ఒంటరిగా వచ్చారు. ఓడ ప్రయాణమే ఆరేడు నెలలు. కంపెనీ కొన్నాళ్ళు ఆడవాళ్ళను ఆసియాకు పంపే ప్రయత్నం చేసి మానుకుంది. కొద్దిమంది పెద్ద ఉద్యోగుల వెంట మాత్రమే సంసారం ఉండేది. మిగిలినవాళ్ళలో చాలామంది ఇక్కడి స్త్రీలను పెళ్ళాడారు. ఆ కాలంలో కంపెనీ ఒక నియమం పెట్టింది. ఆసియా భార్య ఉన్న ఉద్యోగి స్వదేశానికి తిరిగి పోరాదు. ఇల్లాలో, సొంతూరో, ఏదో ఒకటి ఎంచుకోవాలి. మచిలీపట్నం, పాలకొల్లు, భీమునిపట్నంలో మిగిలి ఉన్న డచ్చి సమాధులను చూస్తే, తిరిగి పోనివాళ్ళ లెక్క అర్థమవుతుంది. రాళ్ళ మీద వంశ చిహ్నాలు చెక్కి ఉంటాయి. గొప్పవాళ్ళే కావచ్చు. కానీ వాటి మీద ఇప్పుడు మేకలు పడుకుంటాయి.

వాళ్ళకన్నా పెద్ద కథ, సమాధి రాయి కూడా దక్కనివాళ్ళది. 17వ శతాబ్దంలో మన తీరంలో కరువు వచ్చినప్పుడల్లా డచ్చి కంపెనీ మనుషులను కొన్నది. తిండి లేక తల్లిదండ్రులే బిడ్డలను అమ్ముకున్న రోజులవి. పులికాట్ నుంచి, మచిలీపట్నం నుంచి, ఇంకా దక్షిణ రేవుల నుంచి వేలమందిని బానిసలుగా ఓడలెక్కించి బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, సింహళానికి, ఆఫ్రికా కొసన కేప్ నగరానికి తీసుకుపోయారు. 1687 నాటి గోల్కొండ కరువు కూడా అందులో ఒకటి. ఆ మనుషులకు అక్కడ కొత్త పేర్లు పెట్టి, ఇంటి పేరు స్థానంలో "కోరమండల్ వాడు" అని రాసుకున్నారు. ఊరు లేదు, కులం లేదు, తల్లి పేరు లేదు. మన ప్రాంతం నుంచి డచ్చివాళ్ళ నేలలకు పోయిన తొలి పెద్ద గుంపు మా బోటి ఇంజనీర్లది కాదు, వాళ్ళది. వాళ్ళ జనన ధ్రువపత్రం ఎవరూ అడగలేదు.

బానిసత్వం పోయినంక కూలీ ఒప్పందాలు వచ్చాయి. 1873లో లల్లా రూఖ్ అనే ఓడ కలకత్తా నుంచి దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సురినామ్‌కు చేరింది. 1916 దాకా అట్లా పోయినవాళ్ళు 34 వేల పైచిలుకు. ఎక్కువమంది భోజ్‌పురి ప్రాంతంవాళ్ళు. 1975లో సురినామ్‌కు స్వాతంత్ర్యం వచ్చే కాలంలో వాళ్ళ మనుమలు, మునిమనుమలు నెదర్లాండ్స్‌కు వచ్చి, ఎక్కువగా హేగ్‌లో స్థిరపడ్డారు. డెల్ఫ్ట్ నుంచి ఒకటో నంబరు ట్రామ్ ఎక్కితే హేగ్ అరగంట. మేము దిగిన మొదటి వారమే కందిపప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర దొరికింది ఆ సురినామ్ హిందుస్తానీల దుకాణంలోనే. కౌంటరులో కూచున్న పెద్దమ్మ ఎన్నడూ భారతదేశం చూడలేదు. మా చిన్నోడి తల నిమిరి "ఖానా ఖాయా?" అని అడిగింది. నూట నలభై ఏండ్ల కిందట ఓడెక్కిన ఎవరో ఒక కూలీ ఆ మాటను జాగ్రత్తగా దాచి తెచ్చినందుకే మాకు ఆనాడు పప్పుచారు దక్కింది.

1289

నేను నీళ్ళ ఇంజనీరును. డెల్ఫ్ట్‌కు పోయిందీ ఆ పని మీదనే. ఆ ఊరి సాంకేతిక విశ్వవిద్యాలయం 1842లో రాజు ఆజ్ఞతో మొదలైంది. సివిల్ ఇంజనీర్లను తయారు చేయడం ఒక పని, తూర్పు దీవుల వలసలకు అధికారులను తయారు చేయడం ఇంకో పని. ఆ చదువు పునాదిలో కూడా వలస రాజ్యం ఉందన్న మాట. 1957లో జల విద్యకు ఇంకో అంతర్జాతీయ సంస్థ అక్కడే మొదలైంది. ఆసియా, ఆఫ్రికా దేశాల నీటిపారుదల ఇంజనీర్లు ఎంతోమంది అందులో చదివారు.

ఆ దేశంలో పావువంతు నేల సముద్ర మట్టానికి దిగువన ఉంటుంది. వాన పడితే నీళ్ళు తమంతట పోవు, ఎత్తి పోయాలి. మొదట గాలిమరలు, తర్వాత ఆవిరి, ఇప్పుడు కరెంటు పంపులు. మన దగ్గర దేవాదుల పథకంలో గోదావరి నీళ్ళను ఎత్తి, భీంఘన్‌పూర్, పులుకుర్తి మీదుగా మన ధర్మసాగర్‌కు తెచ్చుకుంటున్నాం. వాళ్ళు బతకడానికి నీళ్ళు ఎత్తి బయటికి పోస్తారు, మనం బతకడానికి ఎత్తి లోపలికి తెచ్చుకుంటాం. పంపు ఒకటే.

అక్కడ నీళ్ళ పాలన జలమండలులది. అవి మున్సిపాలిటీకీ సర్కారుకూ వేరు. సొంత పన్ను, సొంత ఎన్నికలు. డెల్ఫ్ట్ ప్రాంతపు జలమండలి పేరు డెల్ఫ్‌లాండ్. దాని పుట్టుక 1289 నాటిదని వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఆ అంకె వినగానే నాకు మన సాంఘికశాస్త్రం సారు గుర్తొచ్చారు. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. రాణి రుద్రమదేవి చనిపోయిన సంగతి మనకు తెలిసింది ఆ శాసనం వల్లనే. రుద్రమ పోయిన ఏడే ఆ నీళ్ళ సంస్థ కాగితానికి ఎక్కింది!

ఆనాటికి మనం వాళ్ళకు తీసిపోలేదు. రామప్ప, పాఖాల, లక్నవరం చెరువులు అప్పటికే నిండి పారుతున్నాయి. చెరువు బాగోగులకు దశబంధం మాన్యం ఉండేది. తూము తెరిచి నీళ్ళు పంచడానికి నీరటి ఉండేవాడు. ఎవరి మడికి ఎన్ని గడియలో ఊరికి తెలుసు. తేడా ఎక్కడ వచ్చింది? వాళ్ళ సంస్థ ఏడు వందల ఏండ్లు తెగకుండా నడిచింది. రాజులు మారారు, మతం మారింది, దేశమే మారింది, జలమండలి మాత్రం ఉంది. మన దగ్గర రాజ్యాలు మారినప్పుడల్లా చెరువు యాజమాన్యం ఊరి చేతిలోంచి దఫ్తరు చేతికి పోయింది. షికం భూములు ఎట్లా కరిగిపోయాయో మనం కళ్ళారా చూశాం. 2015లో మిషన్ కాకతీయ పేరుతో పూడిక తీయవలసి వచ్చిందంటే, అంతకు ముందు ఎన్నేండ్లు తీయలేదో లెక్క వేసుకోవచ్చు.

అదే 2015 మార్చిలో డెల్ఫ్‌లాండ్ జలమండలికి ఎన్నికలు జరిగాయి. మా ఇంటికి ఓటు కాగితం వచ్చింది. పొరపాటున వచ్చిందేమో అనుకుని అడిగితే, "మీరు ఇక్కడ చట్టప్రకారం నివాసం ఉంటున్నారు గదా, వరద వస్తే మీ ఇల్లు కూడా మునుగుతుంది గదా" అన్నారు. పౌరసత్వం లేకున్నా నీళ్ళ మీద ఓటు ఉంది. నేనూ మా ఆవిడా పోయి వేసి వచ్చాం. ధర్మసాగర్ చెరువు మీద మా నాయనకు ఏనాడూ లేని ఓటు, డెల్ఫ్ట్ కాలువల మీద నాకు దొరికింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

రెండు ఉప్పెనలు

1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచింది. 30 వేలమంది దాకా పోయారు. 1953 ఫిబ్రవరి 1న నెదర్లాండ్స్‌ను ఉత్తర సముద్రం ముంచింది, 1,836 మంది పోయారు. ఆ ఒక్క దెబ్బకు వాళ్ళు డెల్టా పథకం అనే పేరుతో దశాబ్దాల పాటు ఆనకట్టలు, అడ్డుగోడలు కట్టారు. రోటర్‌డామ్ రేవు ముందు సముద్రాన్ని ఆపే పెద్ద తలుపులు 1997లో పూర్తయ్యాయి. మచిలీపట్నం పోయిన 113 ఏండ్ల తర్వాత, 1977 నవంబరు 19న దివిసీమ మళ్ళీ మునిగింది. 10 వేలకు పైగా పోయారు. మనం అప్పుడు చిన్న తరగతుల్లో ఉన్నాం. పాత బట్టలు, బియ్యం జమ చేసి పంపింది గుర్తుండే ఉంటుంది.

వాళ్ళు తెలివైనవాళ్ళు, మనం కాదు అని చెప్పడం లేదు. 1864 నాటికి మనకు రాజ్యం మనది కాదు, డబ్బు మనది కాదు. నిజానికి ఆ డబ్బులో కొంత ఏ దారిన పోయిందో పైన రాశాను. కానీ ఈనాడు రాజ్యం మనదే. ఇంక సాకు లేదు.

తిరిగి వచ్చినంక

మేము పోయినప్పుడు పాస్‌పోర్టులో మా ఊరు ఆంధ్రప్రదేశ్, వరంగల్ జిల్లా. 2014 జూన్ 2 నాడు తెలంగాణ వచ్చిందని డెల్ఫ్ట్‌లో నలుగురు స్నేహితుల ఇండ్లవాళ్ళం పాయసం వండుకున్నాం. తిరిగి వచ్చేసరికి జిల్లా కూడా మారింది. అక్కడ బతుకమ్మకు చామంతులు దొరికేవి, గునుగు లేదు, తంగేడు లేదు. ఆడవాళ్ళు దొరికిన పూలతోనే పేర్చి, చుట్టూ తిరిగి పాడితే పక్కింటి ముసలాయన కిటికీ తెరిచి చివరి దాకా విన్నాడు.

పోగొట్టుకున్నదీ చెప్పాలి. మా ఆవిడ ఇక్కడ పదేండ్లు చేసిన టీచరు పని వదులుకుని వచ్చింది. అక్కడ భాష రాక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఐదేండ్లకు బడికి పోయిన మా చిన్నోడు డచ్చి భాషలో లెక్కలు నేర్చాడు, కలలు కూడా ఆ భాషలోనే కన్నాడు. ఈనాటికీ తెలుగు మాట్లాడతాడు గానీ, ఈ వ్యాసం సొంతంగా చదవలేడు. నేనే చదివి వినిపించాలి. ఏ ప్రయాణమూ ఉత్తగా రాదు. కాకపోతే మాది మేము ఎంచుకున్న ప్రయాణం, తిరుగు టికెట్ చేతిలో పెట్టుకున్న ప్రయాణం. మూడు వందల ఏండ్ల కిందట మచిలీపట్నం రేవులో ఓడెక్కించిన పిల్లలకు ఆ రెండూ లేవు. ఈ తేడా మరిచిపోతే చరిత్ర చదివి లాభం లేదు.

డచ్చి కంపెనీ కాగితాలు హేగ్ రైల్వే స్టేషన్ పక్కనే జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. అరల పొడవు ఒక కిలోమీటరుకు పైనే. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. వాటిలో మన నేతగాళ్ళు ఉన్నారు, మాదన్న ఉన్నాడు, నాగులవంచ ఉంది, అమ్ముడుపోయిన బిడ్డలు ఉన్నారు. పాత డచ్చి భాష చదవగల తెలుగువాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మన బడి నుంచి ఇంజనీర్లం చాలామందిమే వచ్చాం. ఇకనుంచి ఒక్క చరిత్రకారుడో, చరిత్రకారిణో రావాలని నా కోరిక. పేద విద్యార్థుల ఫీజులకు సంఘం పెడుతున్న నిధిలో నా వంతు ఇస్తున్నాను. ఇంజనీరింగు, మెడిసిన్‌తో పాటు చరిత్ర చదువుతానన్న పిల్లకు కూడా అందులోంచి ఇవ్వాలని మిత్రులకు విన్నపం.

పిల్లలకు ఒక చిన్న పని కూడా చెబుతున్నాను. ఈ సెలవుల్లో మన చెరువు కట్ట మీదికి పోండి. తూములు ఎన్ని, ఆయకట్టు ఎంత, నీరటి ఇల్లు ఏది, షికం ఎక్కడి దాకా ఉండేది, ఊరి పెద్దలను అడిగి నోటుబుక్కులో రాసి, కింద తేదీ వేయండి. నిజమైన తేదీ వేయండి, మన సార్లు మాకు వేసినట్టు జూన్ నెలది కాదు. ఎన్నటికైనా ఎవరికో ఒకరికి ఆ కాగితం అక్కరకు వస్తుంది.